నేర్పకుండానే వచ్చే పనా ఇది?

"పార్సిలు తెచ్చి గుమ్మంలో ఇవ్వడానికి శిక్షణెందుకండీ? బండి నడపడం వస్తే చాలదూ?" అనే మాట నేను చాలా ఇళ్ళలో విన్నాను. మగవాళ్ళే కాదు, ఆడవాళ్ళూ అంటారు. ఈ మాట వినగానే నాకు ఇంకో మాట గుర్తుకొస్తుంది. "వంట నేర్పేదేముంది, ఆడపిల్లకి అదే వస్తుంది" అనే మాట. అదే వస్తుందని లోకం అనుకునే పనులన్నిటికీ ఒక పోలిక ఉంది. వాటిని ఎవరూ పద్ధతిగా నేర్పరు. చేసినవాళ్ళకి ఎవరూ లెక్కగట్టి ఇవ్వరు. చెయ్యి కాలినప్పుడు మాత్రం "చూసుకోవద్దూ!" అని కోప్పడతారు.

ఈమధ్య మన ఊళ్ళలో కూడా స్కూటీ మీద పార్సిళ్ళు తెచ్చే ఆడపిల్లలు కనిపిస్తున్నారు. డిగ్రీ అయ్యి ఇంట్లో కూర్చున్నవాళ్ళు, భర్త సంపాదన చాలనివాళ్ళు, భర్తే లేనివాళ్ళు ఈ పనిలో చేరొచ్చా అని అడుగుతున్నారు. "చేరండి, తప్పేముంది" అని చెప్పడం తేలిక. కానీ చేరిన మొదటి వారంలో వాళ్ళకి ఎవరు, ఏం నేర్పుతున్నారన్నది ఎవరూ అడగడం లేదు. ఒక ఉద్యోగం ఎలాంటిదో ఆ మొదటి వారమే చెప్పేస్తుందని నా నమ్మకం. అందుకని ఈ వారం ఆ సంగతే రాస్తున్నాను. ముందు అమెరికా దాకా వెళ్ళిరావాలి. ఈ పనిని ఒక చదువులా నేర్పే బడి అక్కడ పెట్టారు.

యూపీఎస్ అనగానే మనకి కరెంటు పోయినప్పుడు కంప్యూటర్ ఆరిపోకుండా కాపాడే పెట్టె గుర్తొస్తుంది. నేను చెప్పేది దాని గురించి కాదు, యునైటెడ్ పార్సెల్ సర్వీస్ గురించి. 1907లో సియాటిల్ నగరంలో జిమ్ కేసీ అనే 19 ఏళ్ళ కుర్రాడు 100 డాలర్లు అప్పు చేసి పెట్టిన సంస్థ. మొదట్లో కాలినడకన, సైకిళ్ళ మీద చీటీలూ పొట్లాలూ చేరవేసేవారు. ఇప్పుడు దాని గోధుమరంగు బండి తిరగని వీధి అమెరికాలో లేదు. అక్కడున్న మన పిల్లల్ని అడిగితే "ఓ, ఆ బ్రౌన్ ట్రక్కా" అంటారు.

2000 దాటాక ఈ కంపెనీకి ఒక చిక్కొచ్చింది. కొత్తగా డ్రైవర్లుగా తీసుకుంటున్న కుర్రవాళ్ళు నిలవడం లేదు. గదిలో కూర్చోబెట్టి గంటల తరబడి చెప్పే పాఠాలు వాళ్ళ బుర్రకెక్కడం లేదు. మామూలుగా మనవైపు అయితే ఏమంటారు? "ఈ కాలం పిల్లలకి ఒళ్ళు వంగదు" అని ఊరుకుంటారు. వాళ్ళు అలా ఊరుకోలేదు, తప్పు పాఠం చెప్పే తీరులో ఉందేమోనని చూశారు. అమెరికా కార్మిక శాఖ డబ్బు సాయం చేసింది. విశ్వవిద్యాలయాల వాళ్ళు సలహా చెప్పారు. 2007లో మేరీల్యాండ్ రాష్ట్రంలోని ల్యాండోవర్ అనే ఊళ్ళో ఇంటిగ్రాడ్ అనే బడి తెరిచారు. ఆ తర్వాత ఇంకొన్నిచోట్ల కూడా పెట్టారు.

ఆ బడిలో బల్లల కంటే బండ్లు ముఖ్యం. ఒక బండికి పక్క గోడ తీసేసి పారదర్శకంగా పెట్టారు. లోపల నిలబడినవాడు అరలోంచి పెట్టె ఎలా తీస్తున్నాడో, నడుము వంచుతున్నాడో మోకాళ్ళు వంచుతున్నాడో బయట కూర్చున్నవాళ్ళందరికీ కనపడుతుంది. బండి దిగేటప్పుడు దూకితే పాదం మీద ఎంత బరువు పడుతుందో, కమ్మీ పట్టుకుని మెట్టు మీదుగా దిగితే ఎంత పడుతుందో యంత్రంతో కొలిచి అంకెల్లో చూపిస్తారు. చూసినవాడు మళ్ళీ దూకడానికి జంకుతాడు. రెండు కాళ్ళూ ఒక చెయ్యీ, లేదా రెండు చేతులూ ఒక కాలూ, ఎప్పుడూ మూడు చోట్ల ఆనుకుని ఉండాలన్నది వాళ్ళ నియమం. జారుడు నేల ఒకటుంది. నడుముకి పట్టీ కట్టి, పైనుంచి వేలాడదీసి, చేతిలో పెట్టెతో దాని మీద నడిపిస్తారు. కాలు జారుతుంది గానీ కింద పడరు. ఒంటికి ఒకసారి తెలిస్తే చాలు, మంచు పడిన రోజున ఒళ్ళే జాగ్రత్త పడుతుంది. తడిబట్టల బకెట్టుతో డాబా మెట్లెక్కే మనలో ఎంతమందికి ఇలాంటి పాఠం ఎవరైనా చెప్పారు? ఆవకాయ జాడీ అటక మీంచి దింపేటప్పుడు పట్టేసిన నడుముతో బతికేస్తున్నవాళ్ళు మన ఇళ్ళలోనే ఉన్నారు.

బయట ఒక బొమ్మ ఊరు కట్టారు. వీధులు, మలుపు గుర్తులు, ఇళ్ళు, పార్సిలు దింపే చోట్లు, అన్నీ ఉంటాయి. అక్కడ బండి ఆపడం, పెట్టె వెతికి తీయడం, ఇచ్చి రావడం చేయించి చూస్తారు. తప్పు చేస్తే అక్కడే చెయ్యాలి, నిజం వీధిలో కాదు. శిక్షణ అయిదు రోజులు. రోజూ పరీక్షలుంటాయి. పని మొత్తాన్ని 340 పద్ధతులుగా విడగొట్టారు. తాళంచెవి ఏ వేలికి తగిలించుకోవాలి, ఒక చేత్తో తాళం తిప్పుతూ రెండో చేత్తో సీటు బెల్టు ఎలా పెట్టుకోవాలి అన్నంత సూక్ష్మంగా ఉంటాయి. ఆ తర్వాత వచ్చిన బండ్లలో తాళంచెవే పోయి బటన్ వచ్చిందనుకోండి.

చూపు గురించి అయిదు అలవాట్లు నేర్పుతారు. ఇవి యూపీఎస్ వాళ్ళు కనిపెట్టినవి కాదు, 1952లో హెరాల్డ్ స్మిత్ అనే ఆయన మొదలుపెట్టిన డ్రైవింగ్ పద్ధతిలోవి. నాకర్థమైన తెలుగులో చెబుతాను. బండి ముందు రెండు గజాలు కాదు, చాలా దూరం చూడు. ఒక్క వస్తువు కాదు, రోడ్డు మొత్తాన్ని చూడు. కళ్ళు ఒకచోట నిలపకుండా తిప్పుతూ ఉండు. ఇరుక్కోకుండా తప్పుకునే సందు ఒకటి ఎప్పుడూ ఉంచుకో. నువ్వు ఎదుటివాళ్ళని చూడ్డమే కాదు, వాళ్ళు నిన్ను చూశారో లేదో చూసుకో. శిక్షణలో చేరినవాళ్ళు వీటిని ఎక్కాల్లా అప్పజెప్పాలి, మాట తప్పకూడదు. మన స్కూటీ పిల్లలకి ఈ అయిదూ ఒక కాగితం మీద రాసిచ్చినా ఎంతో మేలు. కుడివైపు నడిచే ట్రాఫిక్‌లో ఎడమ మలుపు తిరగాలంటే ఎదురుగా వచ్చే బండ్లని దాటాలి, అంటే మనకి కుడి మలుపు లాగ. అందుకని వాళ్ళ దారి లెక్కలు ఎడమ మలుపులు వీలైనంత తక్కువ ఉండేలా వేస్తారు. ప్రమాదమూ తగ్గుతుంది, బండి ఆగి నూనె తాగడమూ తగ్గుతుంది.

ఇదంతా నాకు పూర్తిగా నచ్చిందనుకోకండి. 340 పద్ధతులంటే మనిషి కాళ్ళూ చేతులూ కంపెనీ చేతిలో పెట్టడమే. బండిలో ఎప్పుడు బెల్టు పెట్టారు, ఎన్నిసార్లు వెనక్కి నడిపారు, ఎంతసేపు ఆగారు అన్నీ నమోదు చేసే యంత్రాలు పెట్టారు. ఊపిరి తీయడానికి కూడా జవాబు చెప్పుకోవాలంటే ఎంత జీతమిచ్చినా అది సుఖం కాదు. అయినా మోకాలు ఎలా వంచాలో నేర్పడం వేరు, మనిషి మోకాలికి కాపలా పెట్టడం వేరు. మొదటిది కావాలని అడిగితే రెండోది కూడా పుచ్చుకోవాలన్న నియమమేమీ లేదు.

కంపెనీకి ఇంత శ్రద్ధ దయతో పుట్టింది కాదు. అక్కడ డ్రైవరు పని చాలామందికి తిన్నగా రాదు. ముందు రాత్రిపూట గిడ్డంగిలో పెట్టెలు ఎక్కించే సగం రోజు పని. అక్కడ కొన్నేళ్ళు చేస్తే వరస ప్రకారం డ్రైవరు పిలుపు వస్తుంది. బడి అయ్యాక నిజం బండి మీద ఒక పరీక్షా కాలం. నెగ్గితే పూర్తికాలపు ఉద్యోగి. పూర్తి జీతపు మెట్టు చేరడానికి నాలుగేళ్ళు. ఆ తర్వాత ఇరవై, ముప్ఫై ఏళ్ళు అదే పనిలో ఉండేవాళ్ళున్నారు. తమ తప్పువల్ల ఒక్క ప్రమాదమైనా జరగకుండా 25 ఏళ్ళు బండి నడిపినవాళ్ళకి ప్రత్యేక గౌరవం కూడా ఉంది. అన్నేళ్ళు ఉండబోయే మనిషి నడుము విరిగితే వైద్యం ఖర్చు, సెలవు జీతం, పింఛను అన్నీ కంపెనీ నెత్తినే పడతాయి. అందుకని ముందే నేర్పుతారు. ఉంచుకోబోయేవాళ్ళకే నేర్పుతారు. పండగకి నాలుగు రోజులు పిలిచిన పనివాళ్ళకి పిండివంటలు ఎవరు నేర్పుతారు?

ఆ "ఉంచుకోవడం" కూడా ఊరికే రాలేదు. కార్మికుల సంఘం పోరాడి తెచ్చుకుంది. 1997 ఆగస్టులో 1,85,000 మంది 15 రోజులు సమ్మె చేశారు. వాళ్ళ ప్రధానమైన కోరిక జీతం పెంచమని మాత్రమే కాదు, సగం రోజు పనుల్ని పూర్తి ఉద్యోగాలు చేయమని. 10,000 పూర్తికాలపు ఉద్యోగాలు సాధించారు. 2018లో ఒప్పుకున్న తక్కువ జీతపు రెండో తరగతి డ్రైవర్ల పద్ధతిని 2023 ఒప్పందంలో ఎత్తేయించారు. వేసవిలో ఆ బండి లోపల పొయ్యిలా ఉంటుంది. 2022లో కాలిఫోర్నియాలో ఒక యువ డ్రైవరు డ్యూటీలోనే చనిపోతే ఎండ దెబ్బేనని కుటుంబం వాళ్ళు చెప్పారు. 2024 నుంచి కొనే కొత్త బండ్లలో ఏసీ ఉండాలని ఆ 2023 ఒప్పందంలోనే రాయించుకున్నారు. ఒప్పందం ముగిసేనాటికి పూర్తికాలపు డ్రైవరుకి జీతం, వైద్యం, పింఛను కలిపి సగటున ఏడాదికి 1,70,000 డాలర్లు అవుతుందని కంపెనీయే చెప్పింది. ఆ మాట విని మన సాఫ్ట్‌వేర్ పిల్లలు కొందరు ముక్కున వేలేసుకున్నారు. అలాగని అక్కడ అంతా పూలబాటే అనడానికీ లేదు. 2025 ఒక్క ఏడాదిలోనే ఆ కంపెనీ 48,000 ఉద్యోగాలు తగ్గించింది.

ఇక ఆడవాళ్ళ సంగతి. ఈ కథలో నన్ను ఆపి కూర్చోబెట్టింది ఇదే. ఆ బడి తెరిచిన ల్యాండోవర్‌లోనే పెగ్గీ యంగ్ అనే ఆమె యూపీఎస్‌లో తెల్లవారుజామున పార్సిళ్ళు చేరవేసే డ్రైవరు. 2006లో ఆమె గర్భవతి అయింది. మొదటి 20 వారాలు 20 పౌన్లకి మించి, అంటే సుమారు 9 కిలోలకి మించి ఎత్తవద్దని డాక్టరు రాసిచ్చారు. డ్రైవర్లు 70 పౌన్లు, అంటే దాదాపు 32 కిలోలు ఎత్తగలగాలన్నది కంపెనీ నియమం. ఆమె తెచ్చేవి ఎక్కువగా తేలికపాటి పొట్లాలే. అయినా వీల్లేదన్నారు. పనిలో దెబ్బ తగిలినవాళ్ళకి తేలిక పని ఇచ్చేవారు. డ్రైవింగ్ లైసెన్సు పోగొట్టుకున్నవాళ్ళకి కూడా వేరే పని చూపించేవారు. గర్భవతికి మాత్రం లేదు. జీతం లేని సెలవు మీద ఇంట్లో కూర్చోబెట్టారు, కంపెనీ ఇచ్చే వైద్య బీమా కూడా పోయింది, అదీ పురుడు దగ్గర పడే రోజుల్లో. ఆమె ఊరుకోలేదు. కింది కోర్టుల్లో ఓడిపోయినా అమెరికా సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. 2015 మార్చిలో తొమ్మిది మంది న్యాయమూర్తుల్లో ఆరుగురు ఆమె కేసు కొట్టేయడానికి వీల్లేదన్నారు. తీర్పు రాకముందే, ఆ ఏడాది జనవరి నుంచి, గర్భవతులకి తేలిక పని ఇచ్చేలా కంపెనీ తన పద్ధతి మార్చుకుంది. 2023లో గర్భవతులైన ఉద్యోగినుల కోసం అక్కడ ప్రత్యేక చట్టమే అమల్లోకి వచ్చింది.

పెట్టె ఎత్తేటప్పుడు మోకాలు ఏ కోణంలో ఉండాలో 2007లో ఆ ఊళ్ళోనే కొలిచి మరీ నేర్పిన కంపెనీకి, కడుపుతో ఉన్న డ్రైవరు ఏం ఎత్తాలన్నది తట్టనే లేదు! 340 పద్ధతులు రాసినవాళ్ళ మనసులో ఉన్న డ్రైవరు మగవాడన్నమాట. పాఠం బాగుండడం ఒక్కటే చాలదు, పాఠం ఎవరిని ఊహించుకుని రాశారో కూడా చూడాలి.

అక్కడే ఇంకో కంపెనీ సంగతి కూడా తెలుసుకోవాలి, ఎందుకంటే మన ఊళ్ళ పద్ధతికి అది దగ్గర. ఫెడెక్స్ గ్రౌండ్ తన డ్రైవర్లు ఉద్యోగులు కారని, సొంత వ్యాపారం చేసుకుంటున్న కాంట్రాక్టర్లని వాదించేది. బండి వాళ్ళే కొనుక్కోవాలి, డీజిలు వాళ్ళే పోయించుకోవాలి. కానీ బండి ఏ రంగు ఉండాలో, ఒంటి మీద ఏ బట్టలు వేసుకోవాలో కంపెనీయే చెబుతుంది. 2014లో అక్కడి అప్పీలు కోర్టు, ఇంతగా అదుపు చేస్తున్నప్పుడు కాలిఫోర్నియా చట్టం ప్రకారం వాళ్ళు ఉద్యోగులే అని తీర్పు చెప్పింది. మరుసటి ఏడాది కంపెనీ 22.8 కోట్ల డాలర్లు చెల్లించడానికి ఒప్పుకుంది.

ఇక మన గుమ్మంలోకి వద్దాం. మా వీధికి పార్సిళ్ళు తెచ్చే అమ్మాయికి 26 ఏళ్ళుంటాయి. పక్క ఊరి నుంచి రోజూ తన స్కూటీ మీదే వస్తుంది. మొదట్లో నన్ను "మేడమ్" అనేది, మంచినీళ్ళు ఇచ్చాక "అక్కా" అంటోంది. ఒకరోజు కాస్త తీరికగా దొరికితే అడిగాను.

"నీకు ఈ పని ఎవరు నేర్పారమ్మా?"

"నేర్పేదేముందక్కా. ఫోన్లో రెండు వీడియోలు చూపించారు. ఒకరోజు ఇంకో అబ్బాయి వెనకాల తిరిగాను. మర్నాటి నుంచి నేనే."

"బరువులు ఎలా ఎత్తాలో చెప్పలేదా?"

నవ్వింది. "బస్తా బియ్యం ఎత్తేదాన్ని, ఇదెంతక్కా అన్నాను వాళ్ళతో. బ్యాగు మాత్రం భుజం లాగేస్తుంది."

తను సొంతంగా నేర్చుకున్నవి చెప్పమంటే గడగడా చెప్పింది. కుక్కలున్న ఇంటి ముందు బండి ఆపకుండా ఒక హారన్ కొట్టి, గేటుకి అవతలి పక్కన ఆపాలట. "సాయిబాబా గుడి వెనక, వేపచెట్టు ఇల్లు" అని రాసిన చిరునామా దొరకాలంటే ఇస్త్రీబండి అతన్ని అడగాలట. అపార్టుమెంటులో పైఅంతస్తు నుంచి మొదలుపెట్టి కిందికి రావాలట. డబ్బు కట్టి తీసుకునే పార్సిలైతే నోట్లు గుమ్మంలోనే లెక్కపెట్టాలట, సాయంత్రం తక్కువొస్తే తనే కట్టుకోవాలి. తలుపు తీసిన మగవాడు ఒక్కడే ఉండి "లోపల పెట్టు" అంటే గడప దాటకూడదట. "అది నాకెవరూ చెప్పలేదక్కా, మొదటి వారంలోనే తెలిసొచ్చింది" అంది. ఎలా తెలిసొచ్చిందో నేను అడగలేదు, తను చెప్పలేదు. ఇంకో సంగతి చెప్పింది. పొద్దున్నించి నీళ్ళు తాగదు. తాగితే వెళ్ళడానికి చోటు లేదు. ఎండాకాలంలో కూడా అంతే. ఆ అలవాటు ఆమెకి మూత్రంలో మంట రూపంలో రెండుసార్లు ఖర్చు పెట్టించింది. ఇవన్నీ కలిపితే ఆమె దగ్గరా ఒక నలభై, యాభై పద్ధతులున్నాయి. ఒక్కటీ ఎక్కడా రాసి లేదు. ఆమె మానేసి వెళ్ళిపోతే వచ్చే కొత్తమ్మాయి ఆ మొదటి వారాన్ని మళ్ళీ మొదటినుంచీ పడాలి.

ఆమెని కంపెనీ ఉద్యోగి అనదు. భాగస్వామి అంటుంది. ఎంత మంచి మాటో! లాభంలో భాగం ఉంటుందేమో అనుకుంటాం. బండి ఆమెది, పెట్రోలు ఆమెది, ఫోను ఆమెది, పంక్చరు ఆమెది. ప్రసూతి ప్రయోజన చట్టం 1961లో వచ్చింది, 2017లో వేతనంతో సెలవుని 26 వారాలకి పెంచారు. అది ఉద్యోగినులకి. భాగస్వాములకి పురుళ్ళు రావని చట్టం ఉద్దేశం కాబోలు.

ప్రభుత్వం వాళ్ళ పద్ధతి మేలా అంటే, తపాలా శాఖనే చూడండి. మన ఆంధ్రాలోనూ తెలంగాణలోనూ పదో తరగతి మార్కుల మీద గ్రామీణ డాక్ సేవకులుగా ఎందరో ఆడపిల్లలు చేరుతున్నారు. ఉత్తరాలు, పార్సిళ్ళు, పింఛన్లు అన్నీ వాళ్ళ చేతిమీదుగానే. ఆ ప్రకటనలో అర్హతలు చదివారా? కంప్యూటర్ తెలియాలి, సైకిల్ తొక్కడం రావాలి, స్కూటర్ వచ్చినా సరే. మూడోది, వేరే తగిన జీవనోపాధి ఉండాలి. అంటే ఈ ఉద్యోగంతో బతకలేరని చేర్చుకునే రోజునే ముద్ర వేసి చెప్పారన్నమాట. పని రోజుకి నాలుగైదు గంటలనే లెక్క. మొదటి జీతం హోదాని బట్టి 10,000 లేదా 12,000, పైన కరువు భత్యం. అయినా చేరినవాళ్ళకి ఒక నియామక పత్రం, ప్రసూతి సెలవు, అడగడానికి ఒక పై అధికారి ఉన్నారు. స్కూటీ అమ్మాయికి ఆ మాత్రం కూడా లేదు. ఫోన్లో ఒక యాప్ ఉంది.

నీతి ఆయోగ్ 2022లో ఇచ్చిన నివేదిక ప్రకారం మన దేశంలో ఇలాంటి యాప్‌ల మీద, విడి పనుల మీద బతికేవాళ్ళు 2020-21 నాటికి 77 లక్షల మంది. 2029-30 నాటికి 2.35 కోట్లు అవుతారని అంచనా. చట్టాలు మెల్లగా కదులుతున్నాయి. తెలంగాణ ప్రభుత్వం 2023 డిసెంబరులో వీళ్ళకి 5 లక్షల ప్రమాద బీమా ప్రకటించింది. అదే ఏడాది రాజస్థాన్, 2025లో కర్ణాటక వీళ్ళ సంక్షేమానికి చట్టాలు చేశాయి. కేంద్రం సామాజిక భద్రతా స్మృతి 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చింది. కంపెనీలు తమ వ్యాపారంలో నూటికి ఒకటి రెండు రూపాయలు వీళ్ళ నిధికి కట్టాలి. మంచిదే. కానీ జాగ్రత్తగా చూడండి, వీటిలో ఎక్కువ భాగం కాలు విరిగాక, ప్రాణం పోయాక వచ్చే డబ్బు గురించి. ప్రమాదం జరిగాక 5 లక్షలు ఇవ్వడానికి దారి దొరికింది, జరగకముందు 5 రోజులు నేర్పడానికి మాత్రం దొరకలేదు.

మన దేశంలో ఎవరూ నేర్పడం లేదనడం అన్యాయం. ఢిల్లీలో ఆజాద్ ఫౌండేషన్ 2008 నుంచి పేద ఇళ్ళ ఆడవాళ్ళని వృత్తి డ్రైవర్లుగా తయారు చేస్తోంది. అక్కడ శిక్షణ రోజుల్లో కాదు, నెలల్లో ఉంటుంది. స్టీరింగ్ ఒక్కటే కాదు, దారి పటం చదవడం, అపరిచితులతో మాట్లాడడం, ఆత్మరక్షణ, తన హక్కులు, తన శరీరం గురించిన జ్ఞానం అన్నీ పాఠాలే. లైసెన్సుకి కావలసిన వయసు ధ్రువపత్రం, చిరునామా పత్రం ఆడవాళ్ళ పేరు మీద ఉండవు గదా, అవి సంపాదించడం దగ్గరే చాలా కాలం పడుతుంది. ఢిల్లీలోనే 2016లో మొదలైన ఈవెన్ కార్గో అచ్చంగా ఆడవాళ్ళతోనే పార్సిళ్ళు చేరవేయించడానికి పూనుకుని, స్కూటర్ నేర్పడం దగ్గర్నుంచి మొదలుపెట్టింది. హైదరాబాదులో జై భారతి నడుపుతున్న మోవో సంస్థ ఆడవాళ్ళకి టూవీలర్లు, ఎలక్ట్రిక్ ఆటోలు నేర్పుతోంది. ఇవన్నీ స్వచ్ఛంద సంస్థలూ చిన్న సంస్థలూ చేస్తున్న పని. లాభం తినే పెద్ద కంపెనీ ఆ ఖర్చు ఎందుకు పెట్టుకోదన్నదే నా ప్రశ్న.

ఒక చిన్న సంగతి, చాలామందికి తెలియదు. మామూలు కారు లైసెన్సు ఉన్నవాళ్ళు 7,500 కిలోల లోపు తేలిక రవాణా బండ్లు నడపడానికి విడిగా అనుమతి అక్కర్లేదని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2024 నవంబరులో తేల్చి చెప్పింది. అంటే కారు నేర్చుకున్న అమ్మాయికి భుజాన బ్యాగు వేసుకుని స్కూటీ మీద తిరగడం ఒక్కటే దారి కాదు. పార్సిళ్ళ చిన్న ట్రక్కు కూడా నడపొచ్చు. ఎండా వానా తగలదు, భుజం లాగదు, రోజుకి ఎక్కువ సరుకు, ఎక్కువ సంపాదన. ఆ మెట్టు ఎక్కించేవాళ్ళు కావాలి. మన మహిళా పాలిటెక్నిక్‌లలో కుట్టు మిషన్లూ బ్యూటీషియన్ కోర్సులూ ఉన్నట్టే ఇది కూడా ఎందుకు ఉండకూడదు?

అది వచ్చేదాకా, మీ ఇంట్లో ఏ అమ్మాయైనా ఈ పనిలో చేరుతుంటే, జీతం ఎంత అని అడిగే ముందు కొన్ని అడిగి రమ్మనండి. మొదటి వారం నాతో ఎవరు తిరుగుతారు? ఆ వారానికి డబ్బిస్తారా? ఒకసారికి ఎన్ని కిలోలు ఎత్తాలి, మోసే బ్యాగు ఎన్ని కిలోలు? నా దారిలో మరుగుదొడ్డి ఎక్కడుంది? ఇంటి యజమాని తప్పుగా ప్రవర్తిస్తే ఏ నంబరుకి చెయ్యాలి, ఆ నంబరులో మనిషి మాట్లాడతారా, మెషీన్ మాట్లాడుతుందా? పార్సిలు ఇవ్వకుండా వెనక్కి వచ్చేస్తే నా డబ్బు కోస్తారా? గర్భం వస్తే ఏ పని ఇస్తారు? జవాబులు నోటితో కాదు, కాగితం మీద రాసి ఇమ్మనండి.